సీమ ఎండకు ఏ కెమెరా?

కర్నూలు, కడప ప్రాంతాలలో ఛాయాచిత్రం తీయడమంటే అన్నిటికన్నా ముందు ఎండను తట్టుకోవడం. ఏడాదిలో ఎక్కువ కాలం మబ్బు పట్టని ఆకాశం, చెట్టునీడ కరవైన మెట్టనేల, ఒకవైపు వెలుతురును మింగేసే నల్లరేగడి, మరోవైపు కళ్ళు చెదిరేలా దానిని తిప్పికొట్టే పత్తిచేను, వీటి నడుమ కెమెరా పట్టుకొని నిలిచిన మనిషికి వెలుతురు చాలదన్న మాటే వింతగా తోస్తుంది; అదే మనిషి కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలోకి దిగితే మాత్రం పిడికెడు వెలుతురు కోసం వెతుక్కోవలసి వస్తుంది. జేబులో ఇమిడే కాంపాక్ట్ కెమెరాను, లెన్సులు మార్చుకొనే వీలున్న పెద్ద మిర్రర్‌లెస్ కెమెరాను పోల్చి చూపే రాతలు తరచుగా పెద్దది మేలు, చిన్నది సర్దుబాటు అన్న ఒక్క తీర్పుతో ముగుస్తాయి. మబ్బు ముసురుకొని ఉండే చలిదేశాలకు ఆ తీర్పు సరిపోవచ్చు గాని, రాయలసీమ పగటికి అది సరిపోదు. ఇక్కడ ఏది మేలన్నది పొద్దును బట్టి, దూరాన్ని బట్టి, దుమ్మును బట్టి మారుతుంది. ఎందుకు మారుతుందో తెలిసినవారు తక్కువ ఖర్చుతో మంచి చిత్రాలు తీయగలరు, తెలియనివారు లక్షలు పోసి కూడా తెల్లబోయిన ఆకాశాన్నీ నల్లబడిన ముఖాలనూ ఇంటికి తెచ్చుకుంటారు.

ముందుగా ఈ రెండు యంత్రాల పుట్టుక చూడాలి. పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్సు గుండా వచ్చిన వెలుతురును లోపలి వాలుటద్దం పైకి మళ్ళిస్తే, ఒక పట్టకం దానిని కంటికి చేర్చేది. మీట నొక్కగానే అద్దం లేచి, వెలుతురు వెనకనున్న ఫిల్ము మీద పడేది. ఫిల్ము స్థానంలోకి సెన్సర్ వచ్చింది. వెలుతురును విద్యుత్ సంకేతాలుగా మార్చే సిలికాన్ పలకనే సెన్సర్ అంటారు. ఆ పలక చూస్తున్న దృశ్యాన్నే నేరుగా చిన్న తెర మీద చూపడం సాధ్యమయ్యాక అద్దంతో పని తీరిపోయింది. 2008లో పానసోనిక్ సంస్థ లూమిక్స్ జీ1తో ఆ దారి తెరిచింది. 2013లో సోనీ ఏ7 పాత ఫిల్ము చట్రమంత పెద్ద సెన్సర్‌ను, అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌ను అద్దంలేని ఒంట్లో అమర్చింది. 2018 నాటికి నికాన్, కేనన్ కూడా ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ దారికి వచ్చాయి. కాంపాక్ట్ వైపు చూస్తే 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 పెద్ద మలుపు: 13.2 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే ‘ఒక అంగుళం’ రకం సెన్సర్‌ను 240 గ్రాముల బరువులో ఇమిడ్చి, చొక్కా జేబులోని కెమెరా కూడా గట్టి పని చేయగలదని అది చూపింది. అప్పటికే ఫోన్లు చవకరకం కాంపాక్ట్‌లను తినేయడం మొదలైంది. 2010లో జపాను కెమెరా తయారీదారులు ప్రపంచమంతటికీ పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లు దాటగా, 2023లో ఆ సంఖ్య 80 లక్షలకన్నా తక్కువ. ఆ వరదలో మిగిలి నిలిచినవి మేలురకం కాంపాక్ట్‌లే కాబట్టి, పోలిక కూడా వాటితోనే చేయడం న్యాయం.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. ఒక అంగుళం రకానిది సుమారు 116. పెద్దది చిన్నదానికి దాదాపు ఏడున్నర రెట్లు. వెలుతురు కణాలుగా వచ్చి పడుతుంది, ఆ రాక ఎప్పుడూ ఒకే తీరున ఉండదు, కాబట్టి తక్కువ కణాలను పట్టిన పలక మీద హెచ్చుతగ్గులు ఎక్కువగా కనిపించి బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకుదేలుతుంది. దీనినే నాయిస్ అంటారు. ఫోటోగ్రఫీలో వెలుతురు రెట్టింపు కావడాన్ని ఒక స్టాప్ అని లెక్కిస్తారు గనక, తక్కినవన్నీ సమానంగా ఉన్నప్పుడు పెద్ద సెన్సర్‌కు సుమారు మూడు స్టాపుల ఆధిక్యం ఉన్నట్టు. ఈ మూడు స్టాపుల కోసమే పెద్ద కెమెరా ధర, బరువు, గౌరవం అన్నీ. ఇంతకీ ఆ ఆధిక్యం సీమ పగటిపూట ఏ మేరకు అక్కరకు వస్తుంది?

నడినెత్తి పొద్దు

నిండు ఎండకు ఫిల్ము రోజుల నుంచీ ఒక లెక్క ఉంది. లెన్సులో వెలుతురు దూరే కంతను ఎపర్చర్ అంటారు, దానిని ‘ఎఫ్’ సంఖ్యతో కొలుస్తారు, ఆ సంఖ్య పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది. వెలుతురును లోపలికి వదిలే కాలాన్ని షటర్ వేగమంటారు. వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచి చూపాలన్నది ఐఎస్‌ఓ. మబ్బు లేని పగటిపూట ఎపర్చర్‌ను ఎఫ్ 16 దగ్గర, ఐఎస్‌ఓను 100 దగ్గర పెడితే షటర్ సెకనులో 125వ వంతు తెరుచుకుంటే చాలు. అదే ఎఫ్ 4 దగ్గర పెడితే సెకనులో 2,000వ వంతు సరిపోతుంది. ఓర్వకల్లు రాతివనంలో పగలు పదకొండు గంటలకు నిలబడి తీసే చిత్రంలో జేబు కెమెరా కూడా తన అతి తక్కువ ఐఎస్‌ఓ దగ్గరే పని చేస్తుందన్నమాట. ఆ స్థితిలో రెండు కెమెరాల బొమ్మలలోనూ నాయిస్ కంటికి ఆనదు. పైగా చిన్న సెన్సర్ మీద ఎఫ్ 4 ఇచ్చే స్పష్టత లోతు, అంటే ముందున్న గులకరాయి నుంచి వెనకనున్న గుట్ట వరకు అన్నీ తేటగా కనిపించే పరిధి, ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్ 11 ఇచ్చేదానికి సమానం. ప్రకృతిదృశ్యాలు తీసేవారికి కావలసింది అదే.

మెగాపిక్సెళ్ళ భయం కూడా అనవసరం. మన పెళ్ళి ఆల్బముల్లో సాధారణంగా వాడే 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు గల జంటపుట తెరిస్తే ఒక్కో పుట 12 బై 18 అంగుళాలు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున మేలైన ముద్రణకు ఆ పుటకు 3,600 బై 5,400 చుక్కలు కావాలి. ఆర్‌ఎక్స్100 శ్రేణి ఇచ్చే 20 మెగాపిక్సెళ్ళ బొమ్మలో 3,648 బై 5,472 చుక్కలు ఉంటాయి. ఎండలో తీసిన జేబు కెమెరా చిత్రం నిండు పుటకు ఎక్కుతుంది.

అయితే సీమ ఎండలో అసలు చిక్కు వెలుతురు పరిమాణంతో కాదు, అది పడే తీరుతో. నడినెత్తి పొద్దు కనుబొమల కింద, ముక్కు కింద నల్లని గుంతలు వేస్తుంది. తలగుడ్డ చుట్టుకొన్న రైతు ముఖం సగం చీకటిలోనే ఉంటుంది. కర్నూలు ఉల్లి మార్కెట్లో గాని, పత్తికొండ టమాటా మార్కెట్లో గాని పని చేసుకుంటున్న మనుషులను మధ్యాహ్నం చిత్రించాలంటే ఆ నీడలలోకి కాస్త ఫ్లాష్ వెలుతురు పంపాలి. ఆశ్చర్యమనిపించినా, ఈ పనిలో చిన్న కెమెరాదే పైచేయి. చాలా కాంపాక్ట్‌లలో షటర్ లెన్సు లోపలే పూరేకుల్లాగా తెరుచుకొని మూసుకుంటుంది. దీనిని లీఫ్ షటర్ అంటారు. రేకులు పూర్తిగా విచ్చుకొన్న క్షణంలో ఫ్లాష్ వెలిగితే సెన్సర్ అంతటికీ ఒకేసారి వెలుతురు అందుతుంది, కాబట్టి సెకనులో 2,000వ వంతు వేగంలోనూ ఫ్లాష్ పని చేస్తుంది. మిర్రర్‌లెస్‌లో షటర్ సెన్సర్ ముందు తెరలా జారుతుంది. వేగం పెరిగితే ఆ తెర ఒక సన్నని చీలికగా మాత్రమే కదులుతుంది గనక, సాధారణంగా సెకనులో 250వ వంతుకు మించితే ఫ్లాష్ బొమ్మలో ఒక పట్టీకే పరిమితమైపోతుంది. అక్కడితో ఆగి ఎఫ్ 11 పెడితే బుజ్జి ఫ్లాష్ చాలదు, పెద్దది తగిలించాలి. వేగం పెంచే ప్రత్యేక పద్ధతి వాడితే ఫ్లాష్ బలం పడిపోతుంది. జేబు కెమెరా ఫ్లాష్‌కు అంత ఎండలో ఒకటిన్నర మీటరుకు మించి అందే శక్తి లేకపోయినా, ముఖాముఖి నిలబడి తీసే చిత్రానికి ఆ దూరమే కావాలి. ఈ ఒక్క సుగుణం కోసమే సీమ పత్రికా ఛాయాగ్రాహకుల సంచిలో ఒక మంచి కాంపాక్ట్ ఉండాలని వాదించవచ్చు.

దీనికి ఎదురుగా ఒక పెద్ద లోపం ఉంది. ఎండలో వెనక తెర కనబడదు. అరచేయి అడ్డం పెట్టి తొంగిచూస్తూ అంచనాగా తీయవలసి వస్తుంది; కన్ను ఆనించి చూసే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ ఉన్న కెమెరాకే చుట్టూ ఉన్న ఎండను మూసివేసే వీలుంటుంది. మిర్రర్‌లెస్‌లలో చాలావాటికి అది పెద్దగా, తేటగా ఉంటుంది. కాంపాక్ట్‌లలో ఆర్‌ఎక్స్100 మూడో తరం నుంచి పైకి లేచే బుల్లి వ్యూఫైండర్ వచ్చింది గాని, ఎన్నో కాంపాక్ట్‌లకు ఇప్పటికీ అది లేదు. సీమలో వ్యూఫైండర్ లేని కెమెరా కొనడం తప్పని గట్టిగానే చెప్పాలి.

ఆ వ్యూఫైండర్ మరో రకంగానూ ఆదుకుంటుంది. కెమెరాలోని వెలుతురు మాపకం లోకంలోని ప్రతి దృశ్యమూ సగటున నడిమిరకం బూడిదరంగులో ఉంటుందన్న అంచనాతో పని చేస్తుంది. ఆదోని మార్కెట్లో కుప్పపోసిన పత్తిని చూపిస్తే అది ఇంత తెలుపు ఉండకూడదనుకొని బొమ్మను చీకటి చేస్తుంది, పత్తి మాసినట్టు పడుతుంది. కడప నల్లబండల గనిని గాని, దుక్కి దున్నిన రేగడిని గాని చూపిస్తే ఇంత నలుపు ఉండకూడదనుకొని వెలుతురు పెంచుతుంది, బండ బూడిదలా వెలిసిపోతుంది. అందువల్ల పత్తికి ఒక స్టాప్ వరకు పెంచి, నల్లబండకు అంతే తగ్గించి తీయాలి. ఎక్స్‌పోజర్ దిద్దుబాటు అనే ఈ మీట రెండు రకాల కెమెరాలలోనూ ఉంది; దిద్దిన ఫలితాన్ని తీయకముందే కంటితో చూసుకొనే సౌకర్యం మాత్రం ఎండలో వ్యూఫైండర్ ఉన్నవారికే.

లోయ, గుహ

జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పారే చోట, గండికోట అంచున తెల్లవారుజామున నిలబడినవారికి పెద్ద సెన్సర్ విలువ తెలిసివస్తుంది. అప్పుడే పొడుస్తున్న సూర్యుడు, అతని పక్కన మండుతున్న ఆకాశం ఒకవైపు. ఇంకా రాత్రి వదలని లోయ గోడలు, అడుగున నది నీరు మరొకవైపు. ఒకే బొమ్మలో అతి వెలుగులోనూ అతి చీకటిలోనూ వివరాన్ని నిలబెట్టగల సామర్థ్యాన్ని డైనమిక్ రేంజ్ అంటారు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కు ఒక అంగుళం సెన్సర్ కన్నా ఇది సుమారు రెండు స్టాపులు ఎక్కువ. ఆకాశం తెల్లబోకుండా కాపాడేలా కొలత పెట్టి, కెమెరా సవరించకుండా దాచిన ముడి సమాచారాన్ని, అంటే రా ఫైలును, తర్వాత కంప్యూటర్ మీద తెరిచి నీడలను పైకి తెస్తే, మిర్రర్‌లెస్ బొమ్మలో రాతిపొరలు ఒక్కొక్కటిగా లేచి వస్తాయి. కాంపాక్ట్ బొమ్మలో అదే నీడ గరుకుదేలి రంగు తప్పుతుంది. జేబు కెమెరాను కదలకుండా ఒక బండ మీద ఆనించి, ఒకటి ఆకాశానికి, ఒకటి లోయకు, ఒకటి నడిమికి కొలిచి తీసి మూడింటినీ కలపడం ఉపాయమే గాని, మనుషులూ పక్షులూ కదులుతున్న దృశ్యంలో ఆ అతుకు కనబడిపోతుంది. పొద్దు బారెడెక్కి లోయ అడుగుదాకా ఎండ దిగాక ఈ తేడా చాలావరకు కరిగిపోతుంది. గండికోటకు తొమ్మిది గంటలకు చేరుకొనే యాత్రికుడు మూడు కిలోల సరంజామా మోసుకుపోవడంలో అర్థం లేదు.

బెలుం గుహల దగ్గర లెక్క ఇంకా ఆసక్తికరం. 1884లో భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ప్రస్తావించి, 1980ల తొలినాళ్ళలో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం కొలతలు తీసి, 2002లో పర్యాటకులకు తెరుచుకొన్న ఈ సున్నపురాతి గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. కోటిలింగాలు, మర్రిచెట్టు హాలు, పాతాళగంగ వంటి చోట్ల అక్కడక్కడా అమర్చిన విద్యుద్దీపాలే వెలుతురు. జనం నడిచే ఇరుకుదారిలో ట్రైపాడ్ నిలపడం కుదిరేపని కాదు. ఇలాంటి చీకటిలో పెద్ద కెమెరా సునాయాసంగా గెలుస్తుందనుకోవడం సహజం. కాని గెలుపు లెన్సును బట్టి ఉంటుంది. కేనన్ జీ7 ఎక్స్ మార్క్ 3 వంటి కాంపాక్ట్‌కు వెడల్పు దృశ్యం దగ్గర ఎఫ్ 1.8 లెన్సు ఉంది. మిర్రర్‌లెస్ కొన్నవారిలో చాలామంది వాడే నడిమితరగతి జూమ్ లెన్సు ఎఫ్ 4. సెన్సర్ మీద ప్రతి చదరపు మిల్లీమీటరుకూ ఎఫ్ 1.8 లెన్సు ఎఫ్ 4 కన్నా దాదాపు ఐదు రెట్లు వెలుతురు చేరుస్తుంది. పెద్ద సెన్సర్‌కున్న ఏడున్నర రెట్ల ఆధిక్యంలో ఐదు రెట్లు ఇలా లెన్సు దగ్గరే పోగా, మిగిలేది ఒకటిన్నర రెట్లు, అంటే ఒక స్టాప్ కూడా కాదు. లక్షల ఖర్చు చేసినా ఈ కాస్త తేడా కోసం రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి వెతకాలి.

ఎఫ్ 1.8 లెన్సునే మిర్రర్‌లెస్‌కు తగిలిస్తే మూడు స్టాపులూ తిరిగివస్తాయి గాని, అప్పుడు మరో మూల్యం చెల్లించాలి: స్పష్టత లోతు పలచబడి, ముందున్న సున్నపు ఊడ తేటగా ఉంటే వెనకనున్న గోడ మసకబారుతుంది. రెండూ తేటగా కావాలని ఎపర్చర్‌ను ఎఫ్ 5 దాకా మూస్తే, ఐఎస్‌ఓను అదే మేరకు పెంచవలసి వచ్చి, చివరికి కాంపాక్ట్ బొమ్మలో ఉన్నంత నాయిసే ఇందులోనూ చేరుతుంది. ఒకే లోతు, ఒకే షటర్ వేగం కోరినప్పుడు సెన్సర్ పరిమాణం పెద్దగా ఏమీ ఇవ్వదన్నది కాంతిశాస్త్రం చెప్పే నిజం. ప్రకటనలు దీనిని చెప్పవు. గుహలో ఒక మనిషి ముఖాన్ని మాత్రమే తేటగా నిలిపి, వెనకంతా మసకగా వదలదలచినవారికి పెద్ద సెన్సర్ కావాలి. గుహను గుహగా చూపదలచినవారికి మంచి కాంపాక్ట్ చాలు.

దూరం

దూరం దగ్గర మాత్రం రాజీకి చోటు లేదు. కర్నూలుకు కొద్ది దూరంలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు గడ్డిమైదానాన్ని బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పక్షి అక్కడ కంటపడడమే అరుదైపోగా, ఇప్పుడు వెళ్ళినవారికి ఎక్కువగా కనిపించేవి కృష్ణజింకలు. భుజం దగ్గర 80 సెంటీమీటర్ల ఎత్తుండే జింక 160 మీటర్ల దూరంలో నిలబడిందనుకుంటే, 600 మిల్లీమీటర్ల లెన్సు తగిలించిన ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో దాని బొమ్మ చట్రం ఎత్తులో ఎనిమిదో వంతు ఉంటుంది. ఆర్‌ఎక్స్100 ఏడో తరం కెమెరా జూమ్ ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 200 మిల్లీమీటర్లకు సమానం గనక, అందులో అది ఇరవైనాలుగో వంతే. చుక్కలలో చెబితే, 33 మెగాపిక్సెళ్ళ సోనీ ఏ7 మార్క్ 4లో జింకకు సుమారు 580 చుక్కల ఎత్తు దక్కుతుంది, జేబు కెమెరాలో 150. మొదటిదానిలో కొమ్ముల మెలికలు లెక్కపెట్టవచ్చు. రెండోదానిలో అది జింక అని గుర్తుపట్టవచ్చు, అంతే.

ఇంత శక్తి ఉన్న లెన్సును కూడా సీమ గాలి ఓడిస్తుంది. పొద్దెక్కేకొద్దీ కాలిన నేల మీది వేడిగాలి పైకి లేస్తూ, పొరలు పొరలుగా సాంద్రత మారుతూ, దాని గుండా వచ్చే వెలుతురును అటూ ఇటూ వంచుతుంది. ఎండమావులను పుట్టించే ఈ గాలికదలిక వందల మీటర్ల అవతలి జింకను నీటిలో చూసినట్టు అలలుగా మారుస్తుంది. లెన్సు ఎంత ఖరీదైనదైతే ఆ అలను అంత స్పష్టంగా చూపుతుంది తప్ప సరిచేయదు. తెల్లవారిన తొలి రెండు గంటలు దాటాక రోళ్లపాడులో పెద్ద లెన్సు సంచిలో పెట్టేసి, దగ్గరి గడ్డిని, పురుగులను, కాలిగుర్తులను తీసుకోవడం తెలివైన పని.

పక్షుల విషయంలో కడప జిల్లాకు ప్రపంచంలో మరెక్కడా లేని అనుభవం ఉంది. 1848లో థామస్ జెర్డాన్ లోకానికి పరిచయం చేసిన కలివికోడి 1900 తర్వాత కనిపించకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి సహజ చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ దానిని కడప జిల్లా చిట్టడవులలో మళ్ళీ కనుగొన్నారు. రాత్రిపూట తిరిగే ఈ పిరికి పక్షి ఉనికిని తెలుసుకోవడానికి పరిశోధకుడు పి.జగనాథన్, ఆయన సహచరులు 2000ల తొలి ఏళ్ళలో రెండు ఉపాయాలు వాడారు: పొదల నడుమ మెత్తని మట్టి పట్టీలు పరిచి కాలిముద్రలు చూడడం, కదలికకు తనంతట తానే స్పందించే చిన్న కెమెరాలను నేల దగ్గర అమర్చడం. పెద్ద లెన్సుతో పొంచి ఉన్న మనిషికి దొరకని ఆనవాలు, మనిషి లేని చోట రాత్రంతా మేలుకొని ఉన్న ఆ చిన్న పరికరాలకు దొరికింది. కెమెరా ఎంతటిదన్న ప్రశ్నకన్నా అది ఎక్కడ ఉంది, ఎంతసేపు ఉండగలదు అన్న ప్రశ్న ముఖ్యమైన సందర్భాలు ఉంటాయని వన్యప్రాణి పరిశోధన ఇలా నేర్పుతుంది.

రాత్రి, పెళ్ళి

హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరిగేటప్పుడు దివిటీల వెలుగే దృశ్యానికి ఆధారం. కర్రలు లేస్తుంటాయి, పొగ కమ్ముతుంది, జనం ఒక్క క్షణం నిలకడగా ఉండరు, తలలు పగిలే ఆ తోపులాటకు దూరంగా నిలబడడం ప్రాణానికి మంచిది. దూరం, చీకటి, వేగం మూడూ కలిసిన ఇలాంటి చోట కాంపాక్ట్ చేతులెత్తేస్తుంది. జూమ్ చివర దాని ఎపర్చర్ ఎఫ్ 4.5 దాకా కుంచించుకుపోతుంది, ఫోకస్ చీకటిలో తడుముకుంటుంది, చిన్న ఫ్లాష్ ముందువరస వీపులను మాత్రం తెల్లగా చూపుతుంది. 85 గాని 135 గాని మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సుతో ఉన్న ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ ఐఎస్‌ఓను 6,400 దాకా పెంచుకొని, దివిటీ మంట రంగు చెడకుండా, కర్ర కదలికను నిలిపేసి చూపగలదు. ఒంటిమిట్టలో రాత్రివేళ జరిగే సీతారాముల కల్యాణాన్ని జనసమూహం వెనక నుంచి తీయవలసినవారిదీ ఇదే అవసరం.

ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు స్టూడియోలు మిర్రర్‌లెస్‌కు మారడానికి కారణం మాత్రం చీకటి ఒక్కటే కాదు. జీలకర్రబెల్లం పెట్టే క్షణం మళ్ళీ రాదు. వధూవరుల చుట్టూ పది చేతులు అడ్డం వస్తున్నా కంటిని గుర్తించి వదలకుండా వెంటాడే ఫోకస్, మంత్రాల మధ్య టకటకలు వినబడని నిశ్శబ్ద షటర్, తలంబ్రాల జల్లును సెకనుకు పది బొమ్మల చొప్పున పట్టగల వేగం, వీటన్నిటికన్నా ముఖ్యంగా ఒకే బొమ్మను ఒకేసారి రెండు మెమరీ కార్డులలో దాచే ఏర్పాటు ఉన్నాయి. ఒక కార్డు చెడినా పెళ్ళి మిగులుతుంది. కాంపాక్ట్‌లలో ఉండేది సాధారణంగా ఒక్క కార్డే. ఇతరుల పెళ్ళికి బాధ్యత వహించే మనిషి అంత సాహసం చేయకూడదు.

వేడి, దుమ్ము, బరువు

చాలా కెమెరాల వివరపత్రాలలో పని చేయగల ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకని రాసి ఉంటుంది. కర్నూలు, కడపలలో మే నెల మధ్యాహ్నాలు తరచుగా ఆ హద్దు దాటుతాయి. నిశ్చల చిత్రాలకు ఇది పెద్ద అడ్డంకి కాకపోయినా, వీడియో తీసేటప్పుడు సెన్సర్, ప్రాసెసర్ నిరంతరం పని చేసి వేడెక్కుతాయి. జేబు కెమెరా చిన్న ఒంటికి ఆ వేడిని వెదజల్లే చోటే ఉండదు. పెద్దవాటికీ మినహాయింపు లేదు: 2020లో కేనన్ ఆర్5 వచ్చినప్పుడు అత్యధిక స్పష్టతతో తీసే 8కే వీడియోకు ఆ సంస్థే ప్రకటించిన వ్యవధి 23 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు. తెల్లని గుడ్డ కప్పడం, తీయనప్పుడు తెరను ఆపివేయడం, మూసిన కారులోనూ మోటారు సైకిలు ట్యాంకు మీది సంచిలోనూ కెమెరాను వదలకపోవడం ఈ ప్రాంతంలో నిత్యనియమాలు కావాలి.

దుమ్ము రెండింటినీ వేరువేరు దారుల్లో బాధిస్తుంది. బేతంచెర్ల బండల పాలిషింగ్ యూనిట్ల మధ్య గాని, ఎండాకాలపు సుడిగాలిలో గాని మిర్రర్‌లెస్ లెన్సు విప్పితే సెన్సర్ నేరుగా దుమ్ముకు ఎదురవుతుంది, తర్వాత ప్రతి ఆకాశంలోనూ మచ్చలు తేలుతాయి. అయితే గాలిబుడ్డీతో ఊది వాటిని ఇంట్లోనే పోగొట్టుకోవచ్చు. కాంపాక్ట్‌కు లెన్సు విప్పే పనే లేదు గనక అది భద్రమనిపిస్తుంది గాని, బయటికి సాగి లోపలికి ముడుచుకొనే దాని గొట్టం ప్రతిసారీ కాస్త గాలిని లాగుకుంటుంది, ఆ గాలితో వెళ్ళిన ధూళి సెన్సర్ మీద కూర్చుంటే కెమెరాను పూర్తిగా విప్పే మరమ్మతు మనిషి దగ్గరికి పోవలసిందే. జిప్ ఉన్న చిన్న సంచి ఖరీదు కొన్ని పదుల రూపాయలు; ఆ సంచి లేకుండా జేబు కెమెరాను దుమ్ము పట్టిన జేబులో వేసుకోవడం దాని ఆయువును చేతులారా తగ్గించడమే.

ఏ7 మార్క్ 4 ఒళ్ళు 658 గ్రాములు; 24-105 జూమ్ 663 గ్రాములు; 200-600 లెన్సు 2,115 గ్రాములు; మొత్తం దాదాపు మూడున్నర కిలోలు. ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం వైపు ఎక్కేవారు నీళ్ళ సీసాలకు తోడు ఈ బరువును మోయాలి. 302 గ్రాముల ఆర్‌ఎక్స్100 ఏడో తరం కెమెరా ఉన్న సంగతే ఒంటికి తెలియదు. శారీరక శ్రమను పక్కన పెట్టినా, బరువుకు ఎదుటి మనిషి మీద కూడా ప్రభావం ఉంటుంది. సంతలో చీరల మూట విప్పుతున్న ఆమె ఎదుట పెద్ద లెన్సు లేస్తే ఆమె చేయి ఆగిపోతుంది, పైట సర్దుకుంటుంది, ఏ పేపరు వాళ్ళని అడుగుతుంది. అరచేతిలో పట్టే కెమెరాతో ముందు మాట కలిపి, అనుమతి అడిగి తీసినప్పుడు పని సాగుతూనే ఉంటుంది. పొలాలు, గనులు, మగ్గాలు, సంతలు, అంటే ఈ నేల బతుకుతెరువంతా, అత్యధికంగా పగటి వెలుతురులో, చేతికందే దూరంలో జరుగుతుంది. వాటిని నమోదు చేయడానికి పెద్ద కెమెరా దాకా ఆగవలసిన పని లేదు. ఫోన్ ఉంది కదా అనేవారికి జవాబు ఒకటే: నిజమైన జూమ్, నీడలను చీల్చే నిజమైన ఫ్లాష్, ఎండలో కంటికి ఆనే వ్యూఫైండర్ చాలా ఫోన్లకు లేవు.

డబ్బు విషయానికి వస్తే, మిర్రర్‌లెస్ కొనదలచినవారు కెమెరా ఒంటిమీద ఖర్చు తగ్గించి లెన్సు మీద పెంచడం మంచిది. బెలుం లెక్క చూపినట్టు ఎఫ్ 4 లెన్సుతో ఉన్న ఖరీదైన ఒళ్ళు చీకటిలో చిన్న కెమెరాను దాదాపుగా మించలేదు, ఒక తరం పాత ఒంటికి తగిలించిన ఎఫ్ 1.8 లెన్సు సునాయాసంగా మించుతుంది. కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయంలోనో కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో చరిత్ర చదువుతూ, శాసనాలనూ వీరగల్లులనూ చిత్రాలుగా భద్రపరచాలనుకొనే విద్యార్థికి ఆ ఖర్చు కూడా అక్కరలేదు. జొన్నగిరి దగ్గర ఎర్రగుడి గుండ్ల మీద అశోకుని పెద్ద శిలాశాసనాలు, చిన్న శిలాశాసనాలు రెండూ ఉన్నాయి. అరిగిన బ్రాహ్మీ లిపి ఎదురెండలో కనుమరుగై, పక్కనుంచి రాతిని రాసుకుంటూ వచ్చే ఏటవాలు వెలుతురులో మాత్రమే గాడి గాడిగా తేలుతుంది. ఆ వెలుతురు ఉదయం, సాయంత్రం కాసేపు దానంతట అదే దొరుకుతుంది. మిగతా వేళల్లో ఎవరైనా దుప్పటి అడ్డం పట్టి నీడ చేస్తే, కెమెరాను చిన్న స్టాండు మీద నిలిపి, ఒక టార్చిని రాతికి పక్కగా ఆనించి వెలిగించి, షటర్‌ను ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉంచితే సరిపోతుంది. స్టాండు మీద ఉన్న కెమెరాకు వెలుతురు కొరతే ఉండదు కాబట్టి ఆ పనిలో పెద్ద సెన్సర్‌కూ చిన్న సెన్సర్‌కూ చెప్పుకోదగ్గ తేడా రాదు. చట్రంలో ఒక మూల సెంటీమీటర్ల స్కేలు ముక్క పెట్టడం, తీసిన తేదీని, గుండు ఏ దిక్కుకు ఉందో ఆ వివరాన్ని అప్పుడే రాసుకోవడం ఆ చిత్రానికి మెగాపిక్సెళ్ళ కన్నా ఎక్కువ విలువ తెస్తాయి.